మూడు నెలల నూనె

"అంత వెనక్కి నక్కావేం అల్లుడూ? కారేం కరవదు. బానెట్ ఎత్తు," అన్నాడు మామగారు.

అతను ఎత్తాడు. ఈమధ్య ఏ పని చేసినా చేతులు తనవి కానట్టే ఉంటోంది. మామగారి మెకానిక్ షెడ్డు గుమ్మంలో భార్య, చలేస్తున్నట్టు చేతులు చంకల్లో దాచుకుని నిలబడింది. ఆ షెడ్డులోనే పెరిగిన మనిషి. పెళ్లయ్యాక స్పానరు ముట్టగా అతను చూడలేదు. ఇవాళ కూడా కారు దగ్గరికి రాలేదు.

ఇంజను పక్కన మామగారు స్వయంగా బిగించిన చిన్న డబ్బా ఉంది. పాత కారు, దూరం చూపే మీటరు ఎప్పుడో చచ్చింది. ఎంత తిరిగిందో మూడు నెలలకోసారి ఆయన ఆ డబ్బానే అడుగుతాడు.

"పిస్టన్ల సందుల్లోంచి కాస్త పొగ కిందికి జారుతుంది," పాత పాఠమే మళ్లీ మొదలైంది. "దారివ్వకపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నుకొస్తాయి. అందుకని గొట్టంతో మళ్లీ ఇంజనుకే పీల్పిస్తారు. దాని వెంట నూనె తుంపర కూడా వెళ్లి లోపల మసి కడుతుంది. మధ్యలో ఈ డబ్బా ఉంటే పొగ దాటుతుంది, నూనె ఆగుతుంది. రోజూ డెబ్బై కిలోమీటర్లు ఆఫీసుకి తిరుగుతున్నావాయె. సగమైనా నిండుండాలి."

అతని ఉద్యోగం పోయి మూడు నెలలు. రోజూ భార్య ఇచ్చిన క్యారేజీతో బయల్దేరి, రెండు వీధులవతల గోడౌన్ వెనక కారాపి, సాయంత్రం దాకా ఎదుటి గోడను చూస్తూ కూర్చుంటున్నాడు. ఇంట్లో చెప్పే ధైర్యం చాల్లేదు. ఆఫీసు సంగతులు అడగడం ఆవిడ ఎందుకో మానేసింది. అదే అదృష్టమనుకున్నాడు. ఇప్పుడు పొడి డబ్బా అంతా చెప్పేస్తుంది.

"మావయ్యా, అది..."

మామగారు అప్పటికే డబ్బా విప్పి గిన్నెలోకి వంచాడు. నల్లగా, చిక్కగా, సగం గిన్నె నూనె జారింది.

అతను గిన్నెలోకి వంగి చూశాడు.

మామగారు నూనెను వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "ఇంజను ఆవిరి కలిస్తే పాలకాఫీ రంగు ఉండాలే. ఇది వట్టి నూనె." అల్లుడి మొహంలోకి చాలాసేపు చూశాడు. "సర్లే, బాగానే తిరిగావు."

బతికిపోయాననుకున్నాడు అతను. ఎలా బతికాడో ఆలోచించే ఓపిక కూడా లేదు.

మామగారు పాతగుడ్డ తీసుకుని, అతన్ని దాటుకుంటూ గుమ్మం వైపు నడిచాడు.

"చేతులు బయటికి తియ్యి అమ్మలూ, గోళ్ల కింద నూనె తుడుచుకో."