వేమూరి ఆంటీ సర్వర్

నోటీసు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి ఇంకా చెప్పులైనా విప్పలేదు.

"మంచినీళ్ళా అమ్మా, మజ్జిగా?" అని అడిగింది తలుపు తీసిన పెద్దావిడ.

ప్రవల్లిక తడబడింది. గురుగ్రామ్ నుంచి దారి పొడవునా వల్లె వేసుకున్న ఇంగ్లీషు వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు.

"మజ్జిగ ఇవ్వండి ఆంటీ."

ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని ఆ బ్లాకులో అందరికీ ఆవిడ వేమూరి ఆంటీ. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన మనిషి.

ప్రవల్లికది, అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టిన పాటల్నీ సినిమాల్నీ తీయించే ఆఫీసు. పెద్ద సైట్లయితే కూర్చున్నచోటి నుంచి ఒక్క మెయిలు పంపితే చాలు. ఇది అలాంటిది కాదు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఇంట్లో సొంత కంప్యూటర్ మీద నడుపుతున్న పాటల సర్వర్. మధ్యలో అడగడానికి ఏ కంపెనీ లేదు. పైగా ఆవిడే పేజీ అడుగున ఇంటి అడ్రసు పెట్టి, 'పిల్లతల్లులు ఎవరైనా రావచ్చు' అని రాసుకుంది.

"తెలుగువాళ్ళేగా, నువ్వే వెళ్ళు," అన్నాడు మేనేజర్ రఘువీర్.

ప్రవల్లిక ఒంటరిగా చూస్తున్న మొదటి కేసు ఇది. సజావుగా ముగిస్తేనే ఉద్యోగం ఖాయం.

పాటలన్నీ జోలపాటలు. క్యాసెట్ల కాలంలో తుర్లపాటి ఛాయ అనే ఆవిడ పాడినవి. వాటి హక్కులు చేతులు మారి, ఇప్పుడు ప్రవల్లిక ఆఫీసుకు పని ఇచ్చే ఒక మ్యూజిక్ కంపెనీ దగ్గరున్నాయి.

"అయితే నేను దొంగనన్నమాట," అంది ఆంటీ గ్లాసు అందిస్తూ.

"అయ్యో, అలా అనకండి ఆంటీ! కాపీరైటు..."

"నవ్వులాటకి అన్నాలే, తాగు. ఉప్పు సరిపోయిందా?"

టీవీ పక్కన చెప్పుల డబ్బా అంత కంప్యూటర్ మినుకుమినుకుమంటోంది. తెర మీద 'ప్లే' ఉండాల్సిన చోట 'పాడు' అని ఉంది. 'పాజ్' ఉండాల్సిన చోట 'ఉండమ్మా' అని ఉంది.

ప్రవల్లికకు నవ్వొచ్చింది. "ఈ తెలుగు మీరు పెట్టిందేనా?"

"ఆ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళని అడిగాను. మీ భాష మీరే రాసి పంపండి, కలుపుకుంటాం అన్నారు. భలే మనుషులు! ముక్కూమొహం తెలీనివాళ్ళకి ఊరికే ఇచ్చేస్తారు."

"ఎవరు వింటారు ఆంటీ ఇవన్నీ?"

"ఇక్కడి తల్లులే. ఆఫీసు పని తెలుసు గానీ జోలపాట ఒక్కటీ రాదు పాపం. ఎదురింటి వీణ కూతురుందా, దానికి ఇవి లేందే మధ్యాహ్నం కునుకు పట్టదు. మీ కంపెనీవాళ్ళు వీటిని ఎక్కడైనా పెట్టారా?"

"లేదండీ."

"పెడతారా?"

"తెలీదు ఆంటీ. కానీ హక్కు వాళ్ళది."

"అచ్ఛా."

ప్రవల్లికకు మనసొప్పలేదు. "ఒక్క దారుంది. పాడినావిడే ఉండనివ్వమని అడిగితే మావాళ్ళు కేసు ఆపి కంపెనీతో మాట్లాడతారు. ఛాయగారు మీకు చుట్టాలేమైనానా? మీరు వేమూరివారు, ఆవిడ తుర్లపాటివారు. కాకపోవచ్చనుకోండి, అయినా అడుగుతున్నాను."

ఆంటీ చిన్నగా నవ్వి గ్లాసు అందుకుంది.

"ఆవిడ కంపెనీకి సంతకం పెట్టి ఇచ్చేసింది కదమ్మా. ఇచ్చేశాక మళ్ళీ నాది అంటే బావుంటుందా?"

"అడిగితే తప్పేం లేదు ఆంటీ..."

"వద్దులే. ఉద్యోగం కొత్తలా ఉంది, నీకు మాట రాకూడదు. ఇలా వచ్చి కూర్చో. పాటలన్నీ సరిగ్గా తుడిచేస్తున్నానో లేదో నువ్వే చూడు."

అరుపుల్లేవు, వాదన లేదు. ఒక్కో పాట పేరు మీదా వేలు క్షణం ఆగేది. తర్వాత నొక్కేది. అలాంటి మనిషిని ప్రవల్లిక ఈ ఉద్యోగంలో చూడలేదు.

చివరికి ఆంటీ కంప్యూటర్ ఆపి, వైరు కూడా పీకేసింది.

"పాత క్యాసెట్లు?"

"బూజు పట్టాయి, ఎప్పుడో పారేశాను. ఇంకెక్కడా లేవు. బెంగపడకు, బేఫికర్‌గా వెళ్ళు."

లిఫ్టు దగ్గర నిలబడి ప్రవల్లిక రఘువీర్‌కు మెసేజ్ పెట్టింది. 'తీసేశారు సార్. గాయనితో సంబంధం లేదు, ఇంటిపేరు వేరు.'

'శభాష్. కేసు క్లోజ్,' అని వెంటనే జవాబు.

లిఫ్టు వచ్చేలోగా ఎదురింట్లో పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. "ఆంటీ, పాటలు రావట్లేదు!" అని వీణ గొంతు. రెండిళ్ళ తలుపులూ తెరుచుకున్న చప్పుడు.

ఆ వెంటనే పాట.

ప్రవల్లిక ఉలిక్కిపడింది. కేసు కోసం చెవులు అరిగేలా విన్న గొంతు అది. ఇప్పుడు కాస్త బొంగురుగా వినిపిస్తోంది, అంతే.

ఎంత మోసం! మజ్జిగ ఇచ్చి మరీ మోసం! ఇంకో కాపీ ఎక్కడో దాచిందన్నమాట!

విసవిసా వెనక్కి నడిచింది. నాలుగడుగులు వేసేసరికి మాటలు స్పష్టమయ్యాయి.

"మెట్రో బండీ బజ్జుందీ, మెట్లపై పిల్లీ బజ్జుందీ..."

నడక ఆగిపోయింది.

ఈ పాట ఆ క్యాసెట్లలో లేదు. ఆ క్యాసెట్లు వచ్చిన కాలంలో ఢిల్లీలో మెట్రో ఎక్కడిది?

పెళ్ళయితే ఇంటిపేరు మారుతుందని తెలుగింటి పిల్లకు ఒకరు చెప్పాలా?

ఎదురింటి గుమ్మంలో, వీణ కూతుర్ని భుజాన వేసుకుని, కళ్ళు మూసుకుని, తుర్లపాటి ఛాయ అప్పటికప్పుడు పాట కడుతోంది.