కాపలా లేని ఒడ్డు

అమెజాన్ అడవుల్లోని తపజోస్ నదిలో పడవ ఆపుకుని పడుకోబోతుంటే ఎడమ ఒడ్డు నుంచి చప్పుడు మొదలైంది. చెట్టు వేరు మీద దుడ్డుకర్రతో కొట్టినట్టు, లోతుగా, ఆగి ఆగి వస్తోంది.

"ఎవరో దారి తప్పారు," అంది పరిశోధకురాలు ఇరసీల్డా.

ఆ అడవుల్లో తప్పిపోయినవాళ్లు పెద్ద సమౌమా చెట్టు చూసుకుని దాని వేరు మీద కొడతారు. విన్నవాళ్లు తిరిగి కొట్టాలి.

పడవ నడిపే దెవుజిమార్ ఊయలలోంచి లేవలేదు. "కొట్టడానికి అక్కడ చెట్టేదీ డాక్టరమ్మా? అంతా బూడిదేగా."

ఆమెకు తెలుసు. కాపలా వల్ల అడవి ఎంత దక్కుతుందో కొలవడం ఆమె పని. అందుకే కుడి ఒడ్డున కాపలా పెట్టించి, అచ్చం అలాంటిదే అయిన ఎడమ ఒడ్డును పోలిక కోసం వదిలేసింది. అక్కడ నిప్పు పడగానే కాపలావాళ్లు ఆర్పడానికి వెళ్తామన్నారు. లెక్క చెడిపోతుందని తనే వద్దంది.

"మా అమ్మ కాయలేరుకుని మమ్మల్ని సాకింది అక్కడే," అన్నాడతను. "ఇంతకీ మీ లెక్క బాగా వచ్చిందా?"

"వచ్చింది."

చప్పుడు ఆగలేదు. ఉండబట్టలేక ఆమె తెడ్డు తీసి పడవ అంచు మీద కొట్టింది.

కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

అప్పుడు ఎడమ ఒడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా జవాబిచ్చింది. చెట్టు ఉండిన ప్రతి చోటు నుంచీ ఒక దెబ్బ. కుడి ఒడ్డు మాత్రం ఉలకలేదు.

చీకట్లో ఆమె గొణుగుడు విని దెవుజిమార్ లేచి కూర్చున్నాడు.

"ఇప్పుడు కూడా లెక్కపెడుతున్నారా, డాక్టరమ్మా?"