గోడ మీది రష్యా ఆయన

“ఆ గోడ మీద బ్రష్ పెట్టావంటే ఊరుకోను తమ్ముడూ!” అంటూ హన్నమ్మ సున్నం బకెట్‌కి అడ్డం నిలబడింది.

మల్లేశ్వరరావు తల పట్టుకున్నాడు. మాచర్ల రాళ్ళగని కూలీల యూనియన్‌కి కార్యదర్శిగా వచ్చి అతనికి మూడు నెలలు కూడా నిండలేదు. పొద్దున బెజవాడ నుంచి దిగిన పెద్ద నాయకుడు ఆఫీసు వీధిగోడ మీది బొమ్మ చూసి నోరెళ్ళబెట్టాడు. సాయంత్రం మీటింగు లోగా చెరిపేయాలని హుకుం జారీ చేశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఆఫీసు ఊడ్చే ఈ హన్నమ్మ తప్ప.

బొమ్మ నిలువెత్తుది. గుబురు గడ్డం, గుండ్రటి కళ్ళద్దాలు, కింద ఎర్రటి అక్షరాలతో ‘కామ్రేడ్ వెరెస్నిన్’ అన్న పేరు. యాభై రెండు ఎన్నికలప్పుడు పెయింటర్ నూర్ మొహమ్మద్ గీశాడు. అయిదేళ్ళుగా మేడే నాడు కూలీలంతా ఆయనకే దండ వేసి పిడికిలి ఎత్తుతున్నారు.

“ఆయన విప్లవ ద్రోహి అక్కా. చంపేసి ఇరవై ఏళ్ళయిందంట. మనకే తెలియలేదు.”

“తెలియకపోవటమేంది? ఆయన కత పుస్తకంలో చదివి చెప్పింది నువ్వే గదా?”

“ఆ పుస్తకం అంతకు ముందే అచ్చయింది. ఆయన మంత్రి కావటంతోటే కత అయిపోద్ది.”

పాపం, సొంత దేశంలో కాటికి పోయినా, మాచర్లలో మాత్రం ఆయన నిన్నటి దాకా మంత్రిగానే ఉన్నాడు.

మిగతా కథ మల్లేశ్వరరావే చెప్పాడు. జైళ్ళలో మగ్గినవాడు, మంచులో నడిచినవాడు, రాజుని దించినవాళ్ళలో ఒకడు. చివరికి సొంత మనుషులే శత్రువన్నారు. కోర్టులో తప్పంతా నాదేనని ఆయనే ఒప్పుకున్నాడట.

“ఒప్పించుంటారు. స్టేషన్‌లో నాలుగు తగిలిస్తే ఎవడైనా ఒప్పుకుంటాడు” అంది హన్నమ్మ. “ఆయన పెళ్ళాం ఏమయింది?”

“ఎక్కడికో దూరంగా పంపేశారంట. ఆయన ఫోటోలన్నీ తగలబెట్టారు. ఇంట్లో ఒక్క పటం ఉన్నా నేరమే.”

హన్నమ్మ అరుగు మీద కూలబడింది. “అయితే ఆ తల్లి ఏం చూసుకుని బతికిందో!”

ఆ రష్యా ఆయనంటే మల్లేశ్వరరావుకీ ప్రాణమే.

“ఇంతకీ ఆయన నీకేమవుతాడక్కా, ఇంత తాపత్రయం?”

ఆమె ఎదురుగా టీ కొట్టు వైపు చూసింది. హెడ్ కానిస్టేబుల్ బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

“ఏమీ కాడు. పేరు చెరిపెయ్యి తమ్ముడూ, మొహం ఉండనియ్యి.”

“పైవాళ్ళకి గిట్టంది ఆ మొహమే గదా!”

ఆమె లేచి, ఎండకి కాలిపోతున్న గోడకి అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత తనే పక్కకి తప్పుకుంది. మల్లేశ్వరరావు గడ్డం మీద, కోటు మీద సున్నం పూశాడు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి తల తిప్పుకుని పూశాడు. మూడు పూతలకి గోడ తెల్లబడింది.

కానిస్టేబుల్ లేచి వెళ్ళాక, నినాదం రాయటానికి నూర్ మొహమ్మద్ రంగుల పెట్టెతో వచ్చాడు. గోడ చూసి నిలువునా నీరైపోయాడు.

“అయ్యో, చెల్లెమ్మా! నిజం చెప్పలేకపోయావా?”

“ఎట్టా చెప్పేది భాయ్? ఎదురుగా పోలీసాయన. మా ఆయన ఫోటో ఒక్కటన్నా దొరక్కపోద్దా అని తొమ్మిదేళ్ళుగా ఎతుకుతుండారు.”

మల్లేశ్వరరావు బ్రష్ బకెట్‌లో పడేసి ఆమె వైపు తిరిగాడు. కేసులు మీద పడి, రెంటచింతల నుంచి అజ్ఞాతంలోకి పోయిన హన్నమ్మ భర్త పున్నయ్య గురించి వినటమే గాని, అతన్ని మల్లేశ్వరరావు ఎప్పుడూ చూడలేదు.

“ఇది పున్నయ్య మొహమా?”

“పుస్తకంలో రష్యా ఆయన బొమ్మని చెదలు తినేశాయి సార్” అన్నాడు నూర్ మొహమ్మద్. “నేను ఆయన్నీ ఎరగను, పున్నయ్యనీ ఎరగను. ఈమె పక్కన నిలబడి చెబుతుంటే గీశా. రష్యా ఆయనని అనిపించాలని గడ్డం, అద్దాలు నేను తగిలించా.”

మల్లేశ్వరరావు నూర్ మొహమ్మద్ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయాడు. వెనకే హన్నమ్మా వచ్చింది.

“ఈ గోడ మీద మళ్ళీ గియ్యి భాయ్. ఎవరొచ్చి చెరుపుతారో నేనూ చూస్తా!”

నూర్ మొహమ్మద్ బొగ్గుముక్క తీశాడు. “ఆనాడు చెప్పినట్టే చెప్పు చెల్లెమ్మా. కళ్ళు ఎట్టా ఉంటయ్?”

హన్నమ్మ మొహం వెలిగిపోయింది. చెప్పటానికి కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి.

“గడ్డం గుర్తుంది, అద్దాలు గుర్తుండయ్ భాయ్... వాటెనకాల మా ఆయనే కనపడటం లేదు.”