గుల్ల అన్న చింతచెట్టు

పక్షిరాజు మూపున ఎక్కి లోకాలను చూచుకొనే శ్రీహరికి నమస్కరించి ఈ కథ ఆరంభం.

టెక్కలి దాపున ఒక పల్లెలో, పురాణపండితులు చంద్రశేఖరం గారి పెరటి చింతచెట్టు నిండా గూడకొంగలు గూళ్ళు కట్టాయి.

వాకిలంతా రెట్ట. సంచిముక్కుల నుంచి జారిన చేపల కంపు.

కూతురు విశాలి తొలికాన్పుకు వచ్చే నెలలో రావాలి. ఈ కంపులో పురిటిగది ఎలాగని ఆయన బెంగ. చెట్టు కొట్టించెయ్యాలని కలప వర్తకుడు జగన్నాధాన్ని పిలిపించి, సంగతంతా చెప్పారు.

జగన్నాధం గొడ్డలి తిరగేసి మాను మీద తట్టాడు. తలెత్తి చాలాసేపు కొమ్మలవైపు చూశాడు. భుజాన రెట్ట పడితే తువ్వాలుతో తుడుచుకొన్నాడు.

“గుల్ల, పంతులు గారూ. కొడితే ఎటు పడతాదో సెప్పలేను. ఇంటి మీద పడితే ఏటి సేస్తారు?”

ఆ మాట విన్నాక కూలివాళ్ళెవరూ గొడ్డలి పట్టలేదు. చంద్రశేఖరం గారు విసుక్కొన్నారు. చెట్టు మిగిలింది.

విశాలి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనే పురిటి దినాలు గడిపింది. తల్లీబిడ్డా క్షేమం.

రెండేళ్ళకు, పక్షులు పిల్లలతో ఎగిరిపోయిన వేసవిలో, గాలివానకు చెట్టు కూలింది. రంపం వేస్తే నడిమి వరకూ నల్లని చేవ. పిడికెడు గుల్ల లేదు.

మాను తట్టి చేవ తెలుసుకోలేనివాడికి కలప వ్యాపారమెందుకని చంద్రశేఖరం గారు సంతలో నలుగురి ముందూ అన్నారు. పండితుని మాట కనుక పాకింది. జగన్నాధాన్ని చెట్టు చూడమని పిలిచేవారు లేకపోయారు. పంతులు గారు ఎదురైతే అతడు నమస్కారం పెట్టి తప్పుకొనేవాడు.

ఏడాది తిరిగేసరికి జగన్నాధం పోయాడని తెలిసింది. చంద్రశేఖరం గారు పరామర్శకు వెళ్ళారు. మనిషి మంచివాడే, కర్ర చూసే కన్ను మాత్రం చాలలేదని ఓదార్పుగానే అన్నారు.

అతని భార్య తాతమ్మ తల వంచుకొనే చెప్పింది.

“తట్టగానే గట్టి మానని తెలిసిపోనాదట బాబూ. ఆ రోజు ఇంటికొచ్చి, ‘పంతులు గారింటికి ఒక్క ఆడపిల్ల పురిటికొస్తాది, సెట్టు మీదికి అప్పుడే ఊరంత మంది పురిటికొచ్చీసినారు, ఏ నోటితో కొట్టమంతాను?’ అన్నాడు.”

ఈ కథ విన్నవారి ఇంటా, వారి పెరటి కొమ్మనా పురుళ్ళు సుఖంగా జరుగుగాక.