'అరబెల్లా' గంట

పోయిన చలికాలం కార్న్‌వాల్ రాళ్ల మీద ముక్కలైన 'అరబెల్లా' ఆవిరి ఓడ సామానంతా పాస్కోనే కొన్నాడు. కూత వేసే ఇత్తడి గొట్టాన్ని కరిగించాడు. గంటను లైట్‌హౌస్ కాపరి హోస్కెన్‌కు అమ్మాడు. రెండింటా లాభమే.

ఈ రాత్రి పొగమంచు కమ్మింది. చేపలకు వెళ్లిన తమ్ముడు జాగో ఇంకా రాలేదు. పాస్కో లైట్‌హౌస్ దగ్గర నిలబడి ఆ గంటే కొడుతున్నాడు. గంట వింటే పడవవాళ్లు కొమ్ము ఊది బదులివ్వాలి. జాగో గుర్తు రెండు ఊదులు.

రెండు ఊదులు వినిపించాయి.

"బతికే ఉన్నాడు వెధవ!" పాస్కో నవ్వాడు.

వెంటనే రాళ్ల వైపు నుంచి పొడుగ్గా ఆవిరి కూత లేచింది.

"ఆ గొట్టం కరిగించానన్నావు కదరా?" పక్కనే ఉన్న ముసలి హోస్కెన్ అడిగాడు.

"నా చేతులతోనే కరిగించాను, మామా."

మంచులోంచి జాగో కేకేశాడు. "అన్నా! పెద్ద ఓడ! నిండా దీపాలు! దాని వెనకే వచ్చేస్తా!"

"వద్దురా! గంట వైపు రా!"

"అదీ గంట వైపే వస్తోందన్నా!"

గంట కొడితే ఓడ వస్తుంది. ఆపితే తమ్ముడికి దారి ఉండదు. పాస్కోకు మొదటిసారి లెక్క తేలలేదు.

తాడు లాగాడు. ఈసారి కూత చాలా దగ్గర నుంచి బదులిచ్చింది. జాగో కొమ్ము కోసం అతను చెవులు రిక్కించి నిలబడ్డాడు.