లారీ లేని కిటికీ

"ఈ లారీ ఇవాళే తీసెయ్యాలి," అన్నాడు ట్రాఫిక్ ఆఫీసరు, స్కూటరు దిగకుండానే. "ఇళ్ల మధ్య పెద్ద బండ్లు ఆపకూడదు. అంబులెన్సు వస్తే ఎటు పోతుంది? ఊరి బయట లారీల యార్డుంది, అక్కడ పెట్టుకో."

డ్రైవరు క్యాబిన్ తలుపు తెరుచుకుని, నిద్ర వదలని కళ్లతో కిందికి దిగాడు. మంచు వీధంతా కమ్ముకుని ఉంది. అందులో లారీ రేవుకొచ్చి ఆగిన ఓడలా ఉంది.

"ఎన్నేళ్లుగానో ఇక్కడే ఆపుతున్నాను సార్. ఇప్పుడేమొచ్చింది?"

"ఫిర్యాదు వచ్చింది."

"ఎవరిచ్చారు?"

"అది చెప్పకూడదు. సాయంత్రానికి తియ్యకపోతే క్రేను వస్తుంది."

గేటు దగ్గర నిలబడ్డ అతని భార్య మెల్లగా అంది: "భోంచేసి వెళ్లనివ్వండి సార్. రాత్రే ఊరినుంచి దిగారు."

ఆఫీసరు తలూపి వెళ్లిపోయాడు. డ్రైవరు చూపు ఎదురింటి మీద పడింది. అక్కడుండే వయొలిన్ మాస్టారితో హారన్ గురించి ఒకసారి మాటా మాటా అయింది.

"ఆయన పనే ఇది."

"ఎందుకండీ గొడవ," అని భార్య అంటున్నా వినకుండా వీధి దాటాడు.

మాస్టారు వరండాలో తీగలు బిగిస్తున్నారు. సంగతి విని నవ్వేశారు.

"నేనెందుకు చేస్తానయ్యా? పొద్దుటెండ నా మీద పడకుండా ఆపేది నీ బండే. ఆ నీడలో కునుకు తీస్తే రోజూ సముద్రం కలలోకొస్తుంది. బండి పోతే నష్టం నాకే."

డ్రైవరు ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"యార్డులో పెడితే నేను పడుకునేదెక్కడ?"

భార్య గిన్నె మీద మూత పెట్టింది. "మీ ఇష్టం."

"మంచం మీద నాకు కన్ను మూతపడదు. ఇల్లు కదలదు కదా. నీకు తెలిసిందేగా."

"తెలుసు. అక్కడ చలేస్తుందేమో, దుప్పటి ఇవ్వనా?"

"ఇవ్వు."

యార్డులో లారీలు బారులు తీరి ఉన్నాయి. క్యాబిన్లలో దూరప్రాంతాల డ్రైవర్లు. ఒకడు పెళ్లాంతో ఫోనులో గొణుగుతున్నాడు, ఇంకొకడు పాప ఫొటో కేసి చూస్తూ బీడీ కాలుస్తున్నాడు. డ్రైవరు సీటు వాల్చి దుప్పటి పరుస్తుంటే పక్క క్యాబిన్‌లోని ముసలి డ్రైవరు పలకరించాడు.

"మీదే ఊరు తమ్ముడూ?"

"ఈ ఊరే."

"పెళ్లయిందా?"

"అయింది."

ముసలాయన అతన్నీ దుప్పటినీ మార్చి మార్చి చూశాడు. "మరి ఇక్కడేం చేస్తున్నావు?"

డ్రైవరు కాసేపు స్టీరింగు మీద చేతులుంచి కూర్చున్నాడు. తర్వాత దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, క్యాబిన్‌కి తాళం వేసి నడక మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గదిలో అడుగుపెట్టి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కిటికీలోంచి వచ్చిన పల్చటి బంగారు వెలుగు మంచం మీదా గోడ మీదా పరుచుకుని, గది నీటి అడుగున ఉన్నట్టుంది.

"ఈ గోడ నీలమా?"

"మీరు వేయించిన రంగే," అంది భార్య, బట్టలు మడత పెడుతూ. "బండి అడ్డముండి ఇన్నాళ్లూ కనపడలేదు."

అతను మంచం అంచున కూర్చున్నాడు. తర్వాత కొత్తచోట పడుకున్నట్టు బెరుగ్గా వాలాడు. ఆమె పక్కన చేరింది.

"దారిలో ఏం చూశారో చెప్పండి. ఎప్పుడూ చెప్పరు."

ఘాట్ రోడ్డు మలుపులూ, మబ్బుల్లో దూరిన వంతెనా, తెల్లవారుజామున రోడ్డు దాటే గొర్రెలమందా, ఒక్కటొక్కటే చెప్పుకొచ్చాడు. చెబుతుంటే మంచం కింద ఎక్కడో రోడ్డు కదులుతున్నట్టే అనిపించింది. మాట మధ్యలోనే గురక మొదలైంది. ఆమె నిద్రపోకుండా చాలాసేపు ఆ గురక వింటూ పడుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసరు మళ్లీ వచ్చాడు. వీధి విశాలంగా, ఖాళీగా ఉంది. గేటు దగ్గరికొచ్చిన ఆమె పెదవుల మీద వేలుంచి, "మంచం మీదే పడుకున్నారు. ఇంకా లేవలేదు," అంది.

ఆఫీసరు గొంతు తగ్గించాడు.

"అయితే మీ ఫిర్యాదు తీరినట్టేనా అమ్మా?"