గీత పడ్డ వీడియో గేమ్

ధర వినగానే నర్సుకి గుండె గుభేలుమంది.

"ఆడుకునే పెట్టెకి నెల జీతమా!"

"పాత మోడళ్ళు పోయాయి మేడమ్, వాటితోపాటు పాత రేట్లూ పోయాయి," అన్నాడు షోరూమ్‌లో సేల్స్‌మన్.

కూతురికి మాట ఇచ్చింది. పిల్ల పరీక్ష పాసై కూర్చుంది. ఇక తప్పించుకునే దారి లేదు.

ఇంటికెళ్ళి, అటక మీంచి తన చిన్ననాటి వీడియో గేమ్ దింపింది. దుమ్ము దులిపితే పక్కన పొడుగ్గా అదే గీత. చూడగానే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

అప్పట్లో దీనికి పెట్టిన డబ్బుకి ఇప్పుడు రిమోట్ కూడా రాదు. అయినా ఆ రోజుల్లో అదీ ఆకాశాన్నంటిన ధరే. బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే నాన్న ఆమెను కొట్టుకి తీసుకెళ్ళాడు. ధర విని జేబు తడుముకున్నాడు.

కొట్టాయన నవ్వడం తెలియని మనిషి. పిల్ల వంక చూశాడు, నాన్న వంక చూశాడు, లోపలికెళ్ళి ఒకటి పట్టుకొచ్చాడు.

"గీత పడింది. ఎవరూ కొనరు. సగం ధరకి పట్టుకెళ్ళు."

నాన్న కోట గెలిచినట్టు ఇంటికొచ్చాడు. క్యాసెట్ ఊది ఊది పెట్టి, తండ్రీ కూతుళ్ళు ఆ వేసవంతా ఆడారు. అంత సంతోషం ఆమెకు మళ్ళీ ఏ వస్తువుతోనూ రాలేదు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "మీ మొహం చూసి పనికిరాని సరుకు అంటగట్టాడు!"

అప్పట్నుంచి ఇంట్లో టమాటా కుళ్ళినా "నాన్న బేరమే" అనేవారు. నాన్న నవ్వేసేవాడు గానీ, పోయేదాకా మళ్ళీ ఏ కొట్టు మెట్లెక్కీ ఏదీ కొనలేదు.

అదే ఆమె మనసులో ముల్లై ఉండిపోయింది. బాగు చేయించే వంకతో వెళ్ళి, ఆ కొట్టాయన్ని ఒక్కసారి కడిగేయాలనుకుంది.

పాత వీధిలో కొట్టు అలాగే ఉంది. గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఆయన లేరా అండీ?"

"మా ఆయన పోయారమ్మా, ఈ మధ్యనే. ఏం కావాలి?"

ఇక కడిగేయడానికి మనిషే లేడు. సంచిలోంచి పెట్టె తీసింది.

"ఇది బాగవుతుందా అండీ? మా అమ్మాయి కోసం. కొత్తది కొనే స్తోమత లేదు."

పెద్దావిడ ఆ గీత మీద బొటనవేలు రాసి చూసింది. అద్దాల బీరువాలోంచి సీలు తీయని కొత్త మోడల్ అందుకుని వెనక గదిలోకి వెళ్ళింది.

లోపల ఏదో గీరుతున్న చప్పుడు. నర్సు తొంగి చూసింది. తళతళలాడే కొత్త వీడియో గేమ్ మీద పెద్దావిడ మేకుతో గీత గీస్తోంది!

"అయ్యో, బంగారంలాంటి దాన్ని పాడు చేస్తున్నారేంటండీ?"

"సగం ధరకి ఇవ్వాలంటే గీత ఉండాలిగా తల్లీ. మా ఆయన పద్ధతి అది."

పెద్దావిడ మేకు పక్కన పెట్టి, పొడి ఊదింది.

"ఊరికే తగ్గిస్తే పిల్ల ముందు తండ్రి తల దించుకోవాల్సొస్తుందని, మంచివాటి మీద ఆయనే ఇలా గీసి ఇచ్చేవారు."